50 వాట్లు, డాబా మీద ఒక తీగ: ఈ అక్టోబరు కాంటెస్టులో దిగవచ్చా?

కొత్తగొంతు (కాకినాడ)
2 అక్టోబరు 2025, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఏడు నెలల కిందట హ్యామ్ రేడియో (సరదా కోసం నడుపుకునే సొంత రేడియో స్టేషను) రిస్ట్రిక్టెడ్ గ్రేడ్, అంటే కింది మెట్టు, లైసెన్సు చేతికి వచ్చింది. ఒక పెద్దాయన దగ్గర పాత రిగ్ (రేడియో సెట్టు) కొన్నాను. మా మూడంతస్తుల ఇంటి డాబా మీద 20 మీటర్ల బ్యాండుకు (అంటే సుమారు ఆ తరంగదైర్ఘ్యానికి) డైపోల్, అంటే మధ్యలో విడదీసిన తీగ యాంటెనా, కట్టాను. సాయంత్రం పూట ఇండోనేషియా, రష్యా, ఇటలీ స్టేషన్లు పలికాయి. లాగ్‌లో ఇప్పటికి 61 కాంటాక్టులు ఉన్నాయి.

ఈ నెల 25, 26 తేదీల్లో సీక్యూ వరల్డ్ వైడ్ ఫోన్ కాంటెస్టు, అంటే మాటలతో వీలైనన్ని దేశాల స్టేషన్లను అందుకునే ప్రపంచ పోటీ, ఉంది కదా. నిరుడు, లైసెన్సు రాకముందు, ఒక మిత్రుడి ఇంట్లో కూర్చుని అరగంట విన్నాను. డయల్ ఎటు తిప్పినా ఖాళీ లేదు. వాళ్లు చెప్పుకునేది సగం కూడా అర్థం కాలేదు. భయం వేసింది, కానీ అక్కడి నుంచి లేవబుద్ధి కాలేదు.

50 వాట్లతో, ఒక్క తీగతో నేను ఎవరికైనా వినిపిస్తానా? ఏం చెప్పాలి? తప్పు చేస్తే ఏమవుతుంది? అనుభవం ఉన్నవారు చెప్పండి.


రాగితీగ (విజయవాడ)
3 అక్టోబరు, ఉదయం 6:40

తప్పకుండా దిగండి.

వినిపిస్తానా అన్నారు కదా, ముందు ఆ సంగతి చెబుతాను. ఈ కాంటెస్టులో ప్రతి బ్యాండులోనూ దొరికిన ప్రతి కొత్త దేశం, ప్రతి కొత్త జోన్ ఒక్కో మల్టిప్లయర్. ప్రపంచాన్ని 40 జోన్లుగా విడగొట్టారు. మనది 22. శ్రీలంక, నేపాల్, బంగ్లాదేశ్, భూటాన్, మాల్దీవులు కూడా అందులోనే ఉన్నాయి. ఈ ఆరు దేశాల నుంచి కాంటెస్టులో పలికే స్టేషన్లు తక్కువ. కాబట్టి జర్మనీలో పెద్ద టవరు వేసుకున్నవాడు కూడా మీ గొంతు సన్నగా వినపడగానే మిగతావాళ్లను ఆపి మిమ్మల్ని పట్టుకుంటాడు. మామూలు రోజుల్లో మన వెనుక ఎవరూ పడరు. ఆ రెండు రోజులు పడతారు.

సమయం: శనివారం మన ఉదయం 5:30 నుంచి సోమవారం ఉదయం 5:30 దాకా, మొత్తం 48 గంటలు. అంతసేపూ కూర్చోవాలని నియమమేమీ లేదు, వీలైనన్ని గంటలు చేయవచ్చు. 160, 80, 40, 20, 15, 10 మీటర్ల బ్యాండ్లలోనే పోటీ. 

మార్చుకోవలసింది రెండే: సిగ్నల్ రిపోర్టు (ఎంత బాగా వినపడుతోందో చెప్పే అంకెలు, ఫైవ్ నైన్ అంటే చాలా బాగా అని), జోన్ నంబరు. మీరు చెప్పవలసింది "ఫైవ్ నైన్ టూ టూ". అంతే. పేరు, ఊరు, రిగ్, వాతావరణం ఏమీ వద్దు. పాయింట్లు ఇలా: వేరే ఖండమైతే 3, ఆసియాలోనే వేరే దేశమైతే 1, మన దేశమే అయితే సున్నా. కానీ మన దేశపు స్టేషను కూడా మల్టిప్లయర్‌గా పనికొస్తుంది, వదలకండి. మొత్తం పాయింట్లను మొత్తం మల్టిప్లయర్లతో గుణిస్తే మీ స్కోరు.

50 వాట్లంటే లో పవర్ విభాగం. దాని పరిమితి 100 వాట్లు. మీ లైసెన్సు పరిమితి 50 కాబట్టి 50 దాటకండి. లైసెన్సు వచ్చి మూడేళ్లు నిండలేదు కనుక రూకీ (కొత్తవారి) విభాగంలో కూడా పేరు ఇవ్వవచ్చు.

ఇక యాంటెనా. 20 మీటర్ల డైపోల్ ఉందన్నారు. అదే మధ్య బిందువు నుంచి 15, 10 మీటర్లకు కూడా జంట తీగలు దించండి. ఒక్కో వైపు 20కి సుమారు 5 మీటర్లు, 15కి 3.35, 10కి రెండున్నర. చివర్లు ఒకదానికొకటి దూరంగా ఉండేలా విసనకర్రలా పరచాలి. ముందు అరడుగు ఎక్కువే ఉంచి, తీగ బ్యాండుకు సరిపోయిందో లేదో చెప్పే మీటరు చూసుకుంటూ కత్తిరించండి. ఒకదాన్ని కత్తిరిస్తే పక్కదాని లెక్క కాస్త కదులుతుంది, ఓపిక పట్టాలి. పొడవైన దానితో మొదలుపెడితే పని తేలిక. కోయాక్సు (రిగ్ నుంచి యాంటెనాకు వెళ్లే కేబులు) మధ్య బిందువు దగ్గర ఎనిమిది, పది చుట్లు పీవీసీ గొట్టానికి చుట్టి కట్టండి. మాట్లాడుతుంటే మైకు పెదవికి తగిలి చురుక్కుమనే బాధ నాకు అలాగే పోయింది.


తంతి తాతయ్య (విశాఖపట్నం)
3 అక్టోబరు, ఉదయం 10:05

బాబూ, రాగితీగ గారు చెప్పవలసినవి చెప్పారు. నేను ఒక్క విషయమే చెబుతాను.

నేను టెలిగ్రాఫ్ ఆఫీసులో ముప్పై ఏళ్లు పనిచేశాను. 2013 జూలైలో టెలిగ్రామ్ సేవ మూతపడింది. ఆ ఉద్యోగం నేర్పిన పాఠం ఏమిటంటే, అక్షరం అనుమానంగా ఉంటే రాయకూడదు, అడగాలి. "తండ్రికి బాగాలేదు" అన్న తంతిలో ఊరి పేరు ఒక్క అక్షరం తప్పితే ఆ కొడుకు రావలసిన సమయానికి రాడు. కాంటెస్టులో అంత ప్రమాదం లేదు. కానీ చెవికి క్రమశిక్షణ అదే.

ఇప్పటి నుంచి 25వ తేదీ దాకా రోజూ ఇరవై నిమిషాలు మైకు ముట్టుకోకుండా వినండి. 14.100, 21.150, 28.200 మెగాహెర్ట్జ్‌లలో అంతర్జాతీయ బీకన్లు (దారి తెరిచి ఉందో లేదో తెలిపే ఆటోమేటిక్ ప్రసారాలు) ఉన్నాయి. మొత్తం 18 స్థలాల కోసం ఏర్పరచిన వ్యవస్థ అది. ఒక్కొక్కటి పది సెకన్లు పలుకుతుంది, మూడు నిమిషాలకు చుట్టు పూర్తవుతుంది. ముందు కాల్‌సైన్ (స్టేషను గుర్తింపు అక్షరాలు) మోర్సులో వస్తుంది, తరువాత నాలుగు పొడుగు గీతలు: 100 వాట్లు, 10, 1, చివరిది వాటులో పదో వంతు. జపాన్ బీకన్ మూడో గీత దాకా వినపడిందంటే ఆ పూట జపాన్‌కు మీ 50 వాట్లు ధారాళంగా సరిపోతాయి. ఏ బ్యాండు ఏ వేళకు ఎటు తెరుచుకుంటుందో పుస్తకంలో చదివితే నిలవదు. పది రోజులు విని నోటుబుక్కులో రాసుకుంటే ఒంటబడుతుంది.

14.100 మీద, దాని పక్కన ఎప్పుడూ మాట్లాడకండి. అది వినేవాళ్ల చోటు.


సంధ్యారాగం (తిరుపతి)
3 అక్టోబరు, రాత్రి 8:31

అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు కనుక రెండో వైపు నేను చెబుతాను. 22 ఏళ్లుగా హ్యామ్‌ని. నాకు కాంటెస్టులంటే ఇష్టం లేదు, కారణాలు ఉన్నాయి.

మొదటిది, అందరికీ "ఫైవ్ నైన్" ఇవ్వడం. గుసగుసలా వినపడేవాడికీ అదే, చెవులు పగిలేలా వచ్చేవాడికీ అదే. నిజం కాని రిపోర్టు ఇవ్వడం నాకు చేతకాదు. రెండోది, మనిషి పేరు అడగని పరిచయం. మూడోది, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. మా మిత్రులం ఆదివారం ఉదయం 40 మీటర్లలో నెట్ (రేడియోలో అందరం కలిసే సమావేశం) నడుపుతాం. మాలో ఒకాయనకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. నాలుగు నెలల తరువాత ఆయన మొదటిసారి తన కాల్‌సైన్ తను పలికింది మా నెట్‌లోనే. ఒక్కో అక్షరం కూడబలుక్కుని చెబుతుంటే ఎవరో ఐరోపా స్టేషను సరిగ్గా మా ఫ్రీక్వెన్సీ మీదే కూర్చుని సీక్యూ కాంటెస్ట్ (కాంటెస్టుకు ఎవరైనా పలకండి) అని మొదలుపెట్టాడు. మేం ఉన్నామని చెప్పినా కదలలేదు. ఆ ఉదయం నేను మరిచిపోలేను.

కొత్తగొంతు గారిని నిరుత్సాహపరచడం నా ఉద్దేశం కాదు. నెమ్మదిగా, మనసు విప్పి మాట్లాడుకునే హ్యామ్ రేడియో కూడా ఉందని మరవకండి.


రాగితీగ (విజయవాడ)
3 అక్టోబరు, రాత్రి 9:48

సంధ్యారాగం గారూ, మీ మూడో మాటకు నా దగ్గర జవాబు లేదు. అది తప్పే. వాడుకలో ఉన్న ఫ్రీక్వెన్సీ మీద కూర్చునే హక్కు ఏ కాంటెస్టూ ఇవ్వదు. కొత్తగొంతు గారూ, ఖాళీ చోటు కనపడితే ముందు వినండి, తరువాత "ఇక్కడ ఎవరైనా ఉన్నారా" అని రెండుసార్లు అడగండి, ఆ తరువాతే పిలవండి.

మొదటి మాట విషయంలో మాత్రం నేను మీతో ఏకీభవించను. అక్కడ ఫైవ్ నైన్ అనేది కొలత కాదు, వాకిట్లో నమస్కారం లాంటిది. అసలు సమాచారం జోన్ నంబరు. రేడియో ప్రశాంతంగా కావాలనుకునే వారికి ఆ రెండు రోజులూ 17, 12 మీటర్లు ఖాళీగా ఉంటాయి. వాటిలో కాంటెస్టులు పెట్టకూడదన్నది అందరూ పాటించే ఒప్పందం.

ఇంకొకటి. 2004 డిసెంబరులో హైదరాబాదు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ గారు అండమాన్ వెళ్లింది ప్రపంచంలోని హ్యామ్‌లతో కాంటాక్టులు చేయడానికి. అంటే కాంటెస్టు లాంటి రద్దీనే, పైలప్పే (ఒక్క స్టేషను కోసం అందరూ ఒకేసారి పిలవడం). 26న సునామీ వచ్చింది. అదే రిగ్, అదే యాంటెనా, అవే చెవులు ఆ పూట నుంచి క్షేమ సమాచారాలు మోశాయి. గోల మధ్య ఒక్క గొంతును పట్టుకునే అలవాటు ఉన్నవారు అప్పటికప్పుడు తయారు కారు.


మూసీ తరంగం (హైదరాబాదు)
4 అక్టోబరు, మధ్యాహ్నం 1:20

మా కళాశాల క్లబ్బు నుంచి నిరుడు ఆరుగురం కలిసి చేశాం. మా అనుభవంలో శత్రువు పవర్ తక్కువ కావడం కాదు, చుట్టూ ఉన్న గోల. రిసీవర్‌లో ఎస్7 (సిగ్నల్ మీటరు చూపే అంకె, పెద్దదైతే గోల ఎక్కువ) గోల ఉంటే అవతలివాడు మీకు బదులిచ్చినా మీకు తెలియదు. మీరు పిలుస్తూనే ఉంటారు, అతను విసిగి వెళ్లిపోతాడు.

ఇలా చేయండి. రిగ్‌ను బ్యాటరీ మీద పెట్టి, ఇంట్లో మెయిన్ స్విచ్ ఆపేయండి. గోల ఎంత తగ్గిందో చూడండి. తగ్గితే దొంగ మీ ఇంట్లోనే ఉన్నాడు. ఒక్కో స్విచ్ వేసుకుంటూ వెళ్తే దొరుకుతాడు. మాకు దొరికినవి: చవక ఎల్‌ఈడీ బల్బులు రెండు, ఒక ఫోను చార్జరు, సెట్‌టాప్ బాక్సు అడాప్టరు. బల్బులు మార్చాం, అడాప్టరు తీగకు గోలను అడ్డుకునే ఫెర్రైటు ముక్కలు తగిలించాం. ఎస్7 కాస్తా ఎస్3కి దిగింది. పవర్ పదింతలు పెంచినా మాకు అంత లాభం ఉండేది కాదు.

2019లో కాంటెస్టు ఆదివారం, దీపావళి ఒకే రోజు పడ్డాయట. వీధంతా సీరియల్ బల్బులు వెలిగేసరికి 10 మీటర్లు, 15 మీటర్లు గోలలో మునిగిపోయాయని మా సీనియర్లు చెబుతారు. ఈసారి దీపావళి 20నే అయిపోతుంది కనుక మీరు అదృష్టవంతులు. పక్కింటివాళ్లు దీపాల దండలు తీయడం ఆలస్యం చేస్తే మర్యాదగా ఒక మాట అడగండి, ఎక్కువమంది కాదనరు.

మా జట్టులో ఒకరు మైక్రో బిటెక్స్ అనే రిగ్‌తో చేశారు. మన హైదరాబాదు వాసి అష్హర్ ఫర్హాన్ గారు రూపొందించిన బిటెక్స్ కుటుంబంలోది. చిన్న పవర్. దానితో కూడా ఇటలీ, జపాన్, ఆస్ట్రేలియా వచ్చాయి. కాబట్టి 50 వాట్లు తక్కువని దిగులు పడకండి.


కొత్తగొంతు (కాకినాడ)
5 అక్టోబరు, రాత్రి 10:02

మెయిన్ స్విచ్ ఆపి చూశాను. మా ఇంట్లో దొంగ మెట్ల దగ్గరి ట్యూబులైటు చోక్. అది ఆపగానే 20 మీటర్లలో ఎవరో ఫిన్లాండ్ నుంచి మాట్లాడుతున్నది మొదటిసారి స్పష్టంగా విన్నాను. ఇన్నాళ్లూ ఆయన అక్కడే ఉండి ఉంటాడు.

ఒక సందేహం. నేను ఒకే చోట కూర్చుని పిలవాలా, లేక పిలిచేవాళ్లను వెతుక్కుంటూ వెళ్లాలా?


తంతి తాతయ్య (విశాఖపట్నం)
6 అక్టోబరు, ఉదయం 7:15

మొదటి రోజంతా వెతుక్కుంటూ వెళ్లండి. బ్యాండు పై కొస నుంచి కిందికి రండి. ఒక స్టేషను వినపడగానే ముందు అతని కాల్‌సైన్ మీ చెవితో మీరు పూర్తిగా వినండి. కంప్యూటరు తెర మీద వచ్చిందనో, ఎవరో క్లస్టరులో (ఎవరు ఎక్కడ పలుకుతున్నారో హ్యామ్‌లు ఇంటర్నెట్‌లో పెట్టే జాబితాలో) పెట్టారనో నమ్మవద్దు. అక్కడ తప్పులు చాలా ఉంటాయి. 

అతను మాట ముగించగానే మీ కాల్‌సైన్ పూర్తిగా, ఒక్కసారి చెప్పండి. చివరి రెండు అక్షరాలే చెప్పే అలవాటు కొందరికి ఉంది, దానివల్ల ఇద్దరి సమయమూ వృథా. వీ, యూ అక్షరాలకు విక్టర్, యూనిఫార్మ్ అని ప్రామాణిక పదాలే వాడండి, ఒక్కో పదం మధ్య వెంట్రుకవాసి విరామం ఇవ్వండి. అతను మీ కాల్‌సైన్ తప్పు పలికితే రిపోర్టు ఇవ్వకండి, ముందు సరిదిద్దండి. "కరెక్షన్" అని చెప్పి తప్పుపోయిన భాగాన్నే రెండుసార్లు పలకండి.

నాకు జరిగినది చెబుతాను. ఒక ఏడాది 15 మీటర్లలో సాయంత్రం ఒక ఐరోపా స్టేషను జోన్ "ఫోర్టీన్" అన్నాడో "ఫోర్టీ" అన్నాడో తేలలేదు. 14 పశ్చిమ ఐరోపా, 40 ఐస్‌లాండ్, గ్రీన్‌లాండ్ వైపు. రెండూ ఉన్నాయి కాబట్టి ఊహించలేం. అడగడానికి మొహమాటపడి 14 అని రాసుకున్నాను, ఎందుకంటే అటువైపువారే ఎక్కువ. ఫలితాల తరువాత వచ్చిన తనిఖీ నివేదికలో ఆ వరుస తప్పుగా తేలింది. ఆయన ఐస్‌లాండ్. ఆ ఏడాది నాకు వచ్చిన ఒకే ఒక్క 40వ జోన్ అది. ఇప్పుడు నేను "వన్ ఫోరా, ఫోర్ జీరోనా" అని విడివిడి అంకెలతో అడుగుతాను. మీరు కూడా చెప్పేటప్పుడు "ట్వెంటీ టూ" అనకండి, "టూ టూ" అనండి.

రెండో రోజు మధ్యాహ్నం నుంచి, 10 మీటర్లు బాగా తెరుచుకుంటే, పై భాగంలో ఒక ఖాళీ చూసుకుని మీరే సీక్యూ పిలవండి. పది నిమిషాల్లో ఎవరూ రాకపోతే మళ్లీ వెతుకులాటకు వెళ్లండి. ఎవరైనా క్లస్టరులో మీ పేరు పెట్టారంటే ఒక్కసారిగా ఇరవైమంది మీద పడతారు. కంగారు పడవద్దు. ఒక్క అక్షరం వినపడినా దాన్నే పలకండి. "ఎవరో ఆల్ఫాతో ముగిసేవారు" అని అడిగితే మిగతావాళ్లు ఆగుతారు. ఆగకపోయినా మీరు ఆ ఆల్ఫానే పట్టుకోండి, వదిలి ఇంకొకరి దగ్గరికి వెళ్లకండి. మీరు మాట మీద నిలబడతారని తెలిస్తే గుంపు తనంతట తానే సర్దుకుంటుంది.


రాగితీగ (విజయవాడ)
6 అక్టోబరు, ఉదయం 8:02

తాతయ్య గారి మాటకు చిన్న చేర్పు. ఇప్పటికే చేసిన స్టేషను మళ్లీ మిమ్మల్ని పిలిస్తే "ఇంతకుముందే చేశాం" అని వాదించకండి. మళ్లీ రిపోర్టు ఇచ్చి లాగ్‌లో వేసుకోండి. దానికి జరిమానా లేదు. బహుశా మొదటిసారి అతను మీ కాల్‌సైన్ తప్పు రాసుకుని ఉంటాడు. వాదించి పంపేస్తే మీ మొదటి కాంటాక్టు కూడా అతని లాగ్‌లో లేనట్టే.

కాల్‌సైన్ తప్పు రాస్తే ఆ పాయింట్లు పోవడమే కాక జరిమానాగా ఇంకా కొన్ని తీసేస్తారు. లాగులన్నీ కంప్యూటరులో ఒకదానితో ఒకటి సరిపోల్చుతారు, తరువాత అందరి లాగులూ బయట పెడతారు. అందుకే కాంటెస్టు ముగిశాక క్లస్టరులో వెతికి లాగ్ దిద్దుకోవడం లాంటి పని చేయకండి. విన్నది విన్నట్టు పంపాలి.

లాగింగ్‌కు ఎన్1ఎంఎం అనే కంప్యూటరు ప్రోగ్రాము ఉచితంగా దొరుకుతుంది. ముందు వారమే వేసుకుని అలవాటు చేసుకోండి. అది దేశాన్ని బట్టి జోన్ తనే నింపుతుంది, అక్కడే జాగ్రత్త. అమెరికాలోనే 3, 4, 5 జోన్లు ఉన్నాయి, రష్యాలో ఇంకా ఎక్కువ. నింపినదాన్ని చెవితో సరిచూసుకోండి. కంప్యూటరు గడియారం యూటీసీతో (ప్రపంచ ప్రామాణిక సమయంతో) సరిగా ఉందో లేదో చూడండి.


న్యూజెర్సీ తెలుగువాడు
6 అక్టోబరు, సాయంత్రం 6:50

ఇక్కడి నుంచి మీరు ఎలా వినపడతారో చెబుతాను, ఎవరైనా చెప్పాలి కదా.

భారతదేశం నుంచి మాకు వచ్చే సిగ్నల్ ఉత్తర ధ్రువం మీదుగా వస్తుంది. అందుకే గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు వణుకుతుంది. భూమి అయస్కాంత క్షేత్రం అల్లకల్లోలంగా ఉన్న రోజున అసలు రాదు. ప్రశాంతంగా ఉన్న రోజున రెండు వేళలు బాగుంటాయి: మీ ఉదయం 5:30 నుంచి 7:30 దాకా, మళ్లీ మీ సాయంత్రం సూర్యాస్తమయం చుట్టుపక్కల. 20 మీటర్లలో వెతకండి. ఆ వేళల్లో నేను బీమును (ఒకే దిశకు గురిపెట్టే యాంటెనాను) ఉత్తరానికి తిప్పి కూర్చుంటాను.

వణికే గొంతుకు వేగం శత్రువు. మేం గబగబా మాట్లాడుతున్నామని మీరూ గబగబా చెప్పకండి. మైక్ గెయిన్ (మైకు శబ్దం పెంచే మీట) పెంచితే ఎక్కువ దూరం వెళ్తుందనే భ్రమ ఉంది. గొంతు చీలి ఇంకా అర్థం కాకుండా పోతుంది.

40 మీటర్లలో మాకు ఫోన్ అనుమతి 7.125 నుంచే. మీకు 7.200 దాకానే. ఆ మధ్య 75 కిలోహెర్ట్జ్‌లోనే మనం కలవాలి.

పదకొండేళ్లుగా ఇక్కడి నుంచి చేస్తున్నాను. భారతీయ కాల్‌సైన్ల మొదట ఉండే వీయూ అన్న రెండు అక్షరాలు ఆ హోరులో వినపడినప్పుడు నాకు కలిగే సంతోషం స్కోరుకు సంబంధించినది కాదు. కొత్తగొంతు గారూ, మీ కోసం వింటాను.


అలల మధ్య (వరంగల్లు)
8 అక్టోబరు, మధ్యాహ్నం 2:36

మీరందరూ రేడియో సంగతులు చెప్పారు, నేను ఇంటి సంగతి చెబుతాను. ఇద్దరు పిల్లలు ఉన్న ఇంట్లో కాంటెస్టు చేయాలంటే ముందుగానే ఒప్పందం కుదుర్చుకోవాలి. ఏ గంటలు నావి, ఏ గంటలు ఇంటివి అన్నది కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటిస్తాను. నా అనుభవంలో దక్షిణాదికి సారవంతమైన వేళలు ఇవి: తెల్లవారుజామున 40, సూర్యోదయం తరువాత 15, 10 మీటర్లలో జపాన్, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రాత్రి ఏడెనిమిది దాకా 10, 15 మీటర్లలో ఐరోపా, ఆ తరువాత 20. ఉదయం పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా కాస్త మందకొడిగా ఉంటుంది, వంట, స్నానాలు అప్పుడే. రాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా పడుకోండి. 50 వాట్లతో ఆ నాలుగు గంటలు మేలుకుంటే వచ్చేది తక్కువ, మరునాటి మధ్యాహ్నం చెవులు మొద్దుబారి పోయేది ఎక్కువ. పులిహోర, మజ్జిగ బల్ల పక్కనే పెట్టుకోండి, మజ్జిగ గొంతును కాపాడుతుంది. బల్ల మీద మాత్రం వద్దు, కీబోర్డు మీద ఒలికితే లాగ్ ఆగిపోతుంది.

ఇది నచ్చితే వచ్చే ఏడాది జపాన్ హ్యామ్‌ల సంఘం నిర్వహించే ఆల్ ఏషియన్ కాంటెస్టు కూడా చేయండి. అందులో జోన్ బదులు వయసు చెప్పాలి. స్త్రీలు కావాలంటే వయసుకు బదులు సున్నా సున్నా చెప్పవచ్చని నియమం. నేను నా వయసే చెబుతాను. 41 అని చెప్పినప్పుడు అవతల 78 ఏళ్ల పెద్దాయన తన వయసు చెప్పి, ఒక్క క్షణం ఆగి "ధన్యవాదాలు" అన్నాడు. సంధ్యారాగం గారూ, పేరు అడగని పరిచయమన్నారు. నిజమే. కానీ ఆ ఒక్క క్షణం నాకు గుర్తుంది.


సంధ్యారాగం (తిరుపతి)
8 అక్టోబరు, రాత్రి 9:15

చదివాను. నా అభిప్రాయం పూర్తిగా మారలేదు. 26 ఉదయం మా నెట్‌ను 40 మీటర్ల నుంచి 17 మీటర్లకు మార్చలేం, ఎందుకంటే మాలో సగం మందికి 40 తీగ తప్ప వేరేది లేదు, పైగా పక్క జిల్లాతో మాట్లాడడానికి 17 పనికిరాదు. కాబట్టి ఆ ఒక్క వారం గంట ఆలస్యంగా, ఎండ ఎక్కి ఐరోపా సిగ్నళ్లు పలచబడ్డాక మొదలుపెడతాం. 

కొత్తగొంతు గారూ, యాంటెనా గురించి ఒక మాట. తుపాన్ల కాలం ఇది. ఉరుము వినపడగానే కోయాక్సు రిగ్ నుంచి తీసి ఇంటి బయట వదలండి. కాంటెస్టు మధ్యలో అయినా సరే. నేను ఒక రిగ్‌ను అలా పోగొట్టుకున్నాను.


కొత్తగొంతు (కాకినాడ)
27 అక్టోబరు, ఉదయం 6:20

ముగిసి యాభై నిమిషాలైంది. చెవుల్లో ఇంకా మోగుతూనే ఉంది.

శనివారం ఉదయం 5:30కి మైకు పట్టుకున్నాను, 6:05 దాకా నొక్కలేకపోయాను. మొదట పిలిచింది ఒక జపాన్ స్టేషన్‌ను. మూడుసార్లు పిలిచినా వేరేవాళ్లను తీసుకున్నాడు. నాలుగోసారి "విక్టర్ యూనిఫార్మ్ త్రీ" దాకా పలికి ఆగాడు. తాతయ్య గారు చెప్పినట్టు మిగిలిన అక్షరాలు మాత్రమే రెండుసార్లు చెప్పాను. అతను పూర్తి కాల్‌సైన్ పలికినప్పుడు నా చేతులు వణికి, జోన్ 25 అని కొట్టబోయి 52 అని కొట్టాను. వెంటనే దిద్దాను.

ఆదివారం మధ్యాహ్నం 10 మీటర్లలో ఒక ఖాళీ చూసి, రెండుసార్లు అడిగి, సీక్యూ పిలిచాను. ఏడు నిమిషాలు ఎవరూ రాలేదు. తరువాత ఒక ఇటలీ, ఒక ఉక్రెయిన్, ఆ తరువాత ఎవరు ఎవరో తెలియని హోరు. 40 నిమిషాల్లో 31 మంది. చివరికి గొంతు పోయింది.

మొత్తం 137 కాంటాక్టులు. వేరే ఖండాలవి 96, ఆసియా 39, మన దేశం 2. పాయింట్లు 327. జోన్లు 21, దేశాలు 49, కలిపి 70. స్కోరు 22,890. తనిఖీలో ఎంత మిగులుతుందో చూడాలి. అనుమానం ఉన్నవి నాలుగు వదిలేశాను, రాయలేదు.

అలల మధ్య గారూ, రాత్రి పడుకోమన్న మాట వినలేదు. శనివారం రాత్రి రెండు దాకా కూర్చున్నాను, వచ్చినవి మూడు. ఆదివారం ఉదయం జపాన్ వేళంతా నిద్రలో పోయింది.

అమెరికా ఒక్కటీ రాలేదు. న్యూజెర్సీ గారూ, శనివారం సాయంత్రం 20 మీటర్లలో మిమ్మల్ని విన్నానేమో అనిపించింది, తెలుగు యాస ఉన్న ఇంగ్లీషు. పిలిచాను, అందలేదు.


న్యూజెర్సీ తెలుగువాడు
27 అక్టోబరు, ఉదయం 7:04

నాకు ఆ వేళ "త్రీ" అని ఒక్క అంకె అందింది, మిగతాది వణుకులో పోయింది. మూడుసార్లు "వీయూ త్రీ, మళ్లీ" అన్నాను. మీరేనేమో. సెలవు రోజున మీ ఉదయం 6 గంటలకు 20 మీటర్లలో కలుద్దామా, కాంటెస్టు లేకుండా?


తంతి తాతయ్య (విశాఖపట్నం)
27 అక్టోబరు, ఉదయం 7:30

బాబూ, లాగ్ పంపడానికి అయిదు రోజుల గడువు ఉంది కదా అని ఆగకండి. మొంథా తుపాను మీ తీరం వైపే వస్తోంది, రేపు రాత్రికి దాటుతుందని అంటున్నారు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. లాగ్ ఇప్పుడే పంపి, తీగ దించండి. హుద్‌హుద్‌లో నా డైపోల్ స్తంభంతో సహా పక్కింటి నీళ్ల ట్యాంకు మీద పడింది.


కొత్తగొంతు (కాకినాడ)
27 అక్టోబరు, ఉదయం 9:48

లాగ్ పంపాను, అందినట్టు జవాబు కూడా వచ్చింది. తీగలు మూడు జతలూ దించి, విడివిడిగా చుట్టి, ఏది ఏ బ్యాండుదో చీటీ కట్టి అటక మీద పెట్టాను. వెదురు గెడలు డాబా మీద పడుకోబెట్టి తాళ్లతో బిగించాను. బ్యాటరీ నిండా చార్జి చేసి ఉంచాను, 40 మీటర్లకు పది మీటర్ల తీగలు రెండు కోసి కిటికీ దగ్గర సిద్ధంగా పెట్టాను. 

సంధ్యారాగం గారూ, గాలి తగ్గాక, ఫోన్లు పనిచేయకపోతే మీ నెట్ ఫ్రీక్వెన్సీలో పిలవవచ్చా?


సంధ్యారాగం (తిరుపతి)
27 అక్టోబరు, ఉదయం 9:55

పిలవండి. రేపు సాయంత్రం నుంచి ఎవరో ఒకరం వింటూనే ఉంటాం. మీ పేరు, వీధి, ఇంట్లో ఎంతమంది ఉన్నారో నాకు ఇప్పుడే వ్యక్తిగత సందేశంలో పంపండి.